అమ్మ కడుపులోనే పడే పునాది: ఆడపిల్లల్లో పి.సి.ఒ.ఎస్.

(జ్యోతినగర్‌లో గర్భిణుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో మిషన్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

 

ఎండలో గోదావరిఖని నుంచి, యైటింక్లైన్ కాలనీ నుంచి, మంథని వైపు పల్లెల నుంచి కూడా వచ్చారు. కోడలిని చూపించడానికి వచ్చిన అత్తమ్మలు ఉన్నారు. నైట్ షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా భార్యను తీసుకొచ్చిన తమ్ముళ్ళు ఉన్నారు. ఈ మాటలు గర్భిణి ఒక్కతే వింటే లాభం లేదు. ఇంట్లో వండేవాళ్ళు, డబ్బు ఖర్చు పెట్టేవాళ్ళు, "ఇది తిను, అది తినకు" అని చెప్పేవాళ్ళు కూడా వినాలి. అందుకే మిమ్మల్నందరినీ కూర్చోమన్నాం.

ఓపీలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, నాకు పెళ్ళికి ముందు నీటి బుడగలు ఉండె. మందులు వాడితే కడుపు నిలిచింది. ఇప్పుడు నా కడుపులో ఆడపిల్ల ఉంటే దానికి కూడా వస్తదా?" ఈ ప్రశ్న వెనక భయం ఉంటుంది. కొన్నిసార్లు పక్కనే కూర్చున్న పెద్దవాళ్ళ ముఖంలో నింద కూడా కనబడుతుంది. ఆ భయానికీ, నిందకూ రెండింటికీ ఈ రోజు జవాబు చెప్పుకుందాం.

నీటి బుడగలు అంటే ఏమిటి?

మనవాళ్ళు నీటి బుడగలు అనే ఈ జబ్బును డాక్టర్లు పి.సి.ఒ.డి. అనీ, పి.సి.ఒ.ఎస్. అనీ అంటారు. 1935లో అమెరికాలోని షికాగో నగరంలో స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మొదట వివరంగా రాశారు. స్కానింగులో కనబడేవి నిజానికి గడ్డలు కావు. నెలనెలా ఒక అండం పెరిగి విడుదల కావాలి. ఈ జబ్బులో చాలా అండాలు కొంతవరకు పెరిగి మధ్యలో ఆగిపోతాయి. అలా ఆగిపోయిన చిన్న చిన్న సంచులే స్కానింగులో బుడగల్లా కనబడతాయి. వాటిని కోసి తీసేయవలసిన పని లేదు. అవి క్యాన్సర్ కావు.

అసలు తేడా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, మగ హార్మోను ఉండవలసిన దానికంటే ఎక్కువ కావడం. ప్రతి ఆడమనిషి శరీరంలో కొద్దిగా మగ హార్మోను ఉంటుంది. అది పెరిగితే గడ్డం మీద, పెదవి పైన వెంట్రుకలు వస్తాయి, మొటిమలు తగ్గవు, తల మీద జుట్టు పలచబడుతుంది, నెలసరి తప్పుతుంది. రెండవది, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. మన బొగ్గుబావుల భాషలో చెప్పాలంటే, మస్టర్ పడక గేటు బయటే నిలబడిపోయిన కార్మికుల్లాగా తిన్న చక్కెర కండరాల్లోకి పోకుండా రక్తంలోనే ఉండిపోతుంది. గేటు తెరవడానికి శరీరం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయం మీద పనిచేసి మగ హార్మోనును ఇంకా పెంచుతుంది. ఒకదాన్నొకటి ఎగదోస్తాయి.

అందుకే ఇది పిల్లలు పుట్టకపోవడానికి మాత్రమే సంబంధించిన జబ్బు అనుకోకూడదు. పట్టించుకోకపోతే ముందుముందు షుగరు, బి.పి., గర్భసంచి లోపలి పొర మందం కావడం వంటి ఇబ్బందులు వస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 13 మంది వరకు ఈ జబ్బుతో ఉన్నారు. వారిలో చాలామందికి తమకు ఉన్నట్లే తెలియదు. మన తెలుగు ప్రాంతంలోనే అనంతపురంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ళ లోపు అమ్మాయిలు 460 మందిని పరీక్షించారు. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నూటికి 9 మందికి పైగా ఈ జబ్బు కనబడింది. అంటే 50 మంది కూర్చునే తరగతి గదిలో నలుగురైదుగురు అన్నమాట. ఇది పట్నం వాళ్ళ జబ్బు, డబ్బున్నవాళ్ళ జబ్బు అని తీసిపారేయడానికి వీల్లేదు.

ఆడబిడ్డ అండాశయం ఎప్పుడు తయారవుతుంది?

ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడే అండాలు తయారవుతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆడబిడ్డ తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగానే ఆ పసిబిడ్డ అండాశయాల్లో 60, 70 లక్షల అండకణాలు తయారై ఉంటాయి. ఆ తరువాత కొత్తవి పుట్టవు, తగ్గుతూనే వస్తాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు మిగులుతాయి. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలు ఉంటాయి.

ఈ మాటను ఒక్క నిమిషం ఆలోచించండి. ఇక్కడ కూర్చున్న అమ్మమ్మ తన కూతురిని కడుపులో మోస్తున్నప్పుడే, ఆ కూతురి చిన్ని అండాశయంలో ఈనాటి మనవరాలికి మూలమైన అండం కూడా ఉంది. ఒక్క కడుపులో మూడు తరాలు! దేవుడు చేసిన ఏర్పాటు ఇది. అందుకని గర్భిణికి పెట్టే ముద్ద ఒక్క మనిషికి పెట్టే ముద్ద కాదు.

అండాశయం ఒక్కటే కాదు. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం, కొవ్వు కణాలు, కండరాలు, నెలసరిని నడిపించే మెదడులోని భాగం, ఇవన్నీ కడుపులోనే రూపం దిద్దుకుంటాయి. అవి తయారయ్యే రోజుల్లో తల్లి రక్తంలో ఏ హార్మోన్లు ఎంత ఉన్నాయి, బిడ్డకు తిండి ఎంత అందింది అన్నదాన్ని బట్టి వాటి పనితీరు కొంతవరకు కుదురుకుంటుంది.

శాస్త్రవేత్తలు ఏం కనుగొన్నారు?

మనుషుల మీద ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు. అందుకని జంతువుల మీద చేశారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వసంత పద్మనాభన్ గారి బృందం గొర్రెల మీద ఎన్నో ఏళ్ళు పరిశోధన చేసింది. చూలుతో ఉన్న గొర్రెకు కొన్ని వారాలపాటు మగ హార్మోను ఇచ్చారు. దానికి పుట్టిన ఆడ గొర్రెపిల్లలు తక్కువ బరువుతో పుట్టాయి. పెద్దయ్యాక వాటి ఎద క్రమం తప్పింది, ఇన్సులిన్ సరిగా పనిచేయలేదు. విస్కాన్సిన్‌లో డేవిడ్ ఆబట్ గారి బృందం కోతుల్లో కూడా ఇలాంటి మార్పులే చూసింది.

2018లో ఫ్రాన్సులోని లిల్ నగరంలో పావొలో జాకొబీని గారి బృందం మరో సంగతి బయటపెట్టింది. అండాశయం తయారుచేసే ఎ.ఎం.హెచ్. అనే హార్మోను ఒకటుంది. పి.సి.ఒ.ఎస్. ఉన్న గర్భిణుల్లో అది ఎక్కువగా ఉంది. చూలుతో ఉన్న ఎలుకలకు ఆ హార్మోను ఇస్తే వాటి ఆడపిల్లలకు పెద్దయ్యాక ఈ జబ్బు లక్షణాలే వచ్చాయి. ఆ పిల్ల ఎలుకలకు ఒక మందు ఇచ్చి వాటి హార్మోన్లను మళ్ళీ దారిలో పెట్టగలిగారు. అంటే కడుపులో పడిన ముద్ర చెరపలేని రాత కాదని అర్థమవుతుంది. అయితే అది ఎలుకల్లో జరిగిన పని. గర్భిణికి అలాంటి మందు ఇవ్వాలని ఎవరూ అనుకోవద్దు.

మనుషుల లెక్కలు చూస్తే, స్వీడన్ దేశంలో ప్రతి పౌరుడి ఆరోగ్య వివరాలూ రిజిస్టర్లలో ఉంటాయి. వాటిని పరిశీలించి 2019లో కరోలిన్స్కా సంస్థ శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఏమిటంటే, పి.సి.ఒ.ఎస్. ఉన్న తల్లుల కూతుళ్ళలో ఈ జబ్బు బయటపడడం మిగతావారికంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. ఇందులో వంశం నుంచి వచ్చే జన్యువుల పాత్ర ఉంది, కడుపులోని వాతావరణం పాత్ర కూడా ఉంది.

ఐదు రెట్లు అనగానే గుండెలు బాదుకోవద్దు. తల్లికి ఉంటే కూతురికి తప్పకుండా వస్తుందని దీని అర్థం కాదు. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. దేవుడు మాయలో ఒక కాపలా పెట్టాడు. తల్లి రక్తంలోని మగ హార్మోనును మాయ చాలావరకు ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. అందుకే మామూలుగా అది బిడ్డ దాకా పోదు. గర్భంతో ఉండగా షుగరు, ఇన్సులిన్ అదుపు తప్పితే ఆ కాపలా బలహీనపడవచ్చని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. గర్భిణి షుగరు గురించి మేము అంత గట్టిగా పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం.

తక్కువ బరువు, ఎక్కువ బరువు, రెండూ ముప్పే

ఇంగ్లండుకు చెందిన డేవిడ్ బార్కర్ అనే డాక్టరు, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక గుండెజబ్బు, షుగరు ఎక్కువ వస్తాయని లోకానికి చూపించాడు. కడుపులో తిండి సరిపోని బిడ్డ శరీరం పొదుపు నేర్చుకుంటుంది. పుట్టిన తరువాత తిండి దండిగా దొరికితే ఆ పొదుపు శరీరం దాన్ని కొవ్వుగా దాచుకుంటుంది. స్పెయిన్‌లోని బార్సిలోనాలో లూర్దెస్ ఇబాన్యెస్ అనే డాక్టరు, తక్కువ బరువుతో పుట్టి ఆ తరువాత తొందరగా లావెక్కిన ఆడపిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. వారిలో కొందరికి ఎనిమిదేళ్ళ లోపే చంకల్లో వెంట్రుకలు రావడం, ఆ తరువాత నెలసరి తప్పడం, మగ హార్మోను పెరగడం చూశారు. మరోవైపు ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో జరిగిన పరిశోధనలో, లావుగా ఉన్న తల్లులకు ఎక్కువ బరువుతో పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి కూడా ఈ జబ్బు కనబడింది. అంటే కడుపులో కరువూ మంచిది కాదు, మితిమీరిన వరదా మంచిది కాదు.

మన దేశపు బిడ్డల గురించి పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారు 1990ల నుంచి చేస్తున్న పరిశోధన చాలా పేరున్నది. మన బిడ్డలు పుట్టినప్పుడు చూడడానికి సన్నగా ఉంటారు, కానీ లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అందుకని "మా పిల్ల బక్కగానే ఉంది, దీనికి ఇట్లాంటి రోగాలు రావు" అనుకోకూడదు. సన్నగా ఉన్న అమ్మాయికి కూడా పి.సి.ఒ.ఎస్. రావచ్చు.

ఇక మన హైదరాబాదు సంగతి వినండి. ఇది మనకు ఎంతో ధైర్యమిచ్చే సంగతి. హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు ఒక పని జరిగింది. అందులో 15 పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్ళ లోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా రోజూ అదనపు ఆహారం పెట్టారు. మిగతా 14 పల్లెల్లో ఆ పథకం అప్పటికి మొదలుకాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక, 2003 నుంచి 2005 మధ్య, జాతీయ పోషకాహార సంస్థ వారు లండన్ శాస్త్రవేత్తలతో కలిసి వాళ్ళను వెతికి పట్టుకొని పరీక్షించారు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. అంతకంటే ముఖ్యం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం వాళ్ళలో 20 శాతం తక్కువ. 2008లో ఇది అచ్చయింది. ఇది పి.సి.ఒ.ఎస్. కోసం చేసిన పరిశోధన కాదు. కానీ ఈ జబ్బుకు ఒక వేరు ఇన్సులిన్‌లోనే ఉందని ఇందాక చెప్పుకున్నాం కదా. రోజుకో గిన్నెడు అంగన్‌వాడీ తిండి, పదిహేనేళ్ళ తరువాత కూడా పిల్లల రక్తంలో మేలు చూపించింది. దీనికి ఖరీదైన మందేమీ అవసరం కాలేదు.

తప్పు ఎవరిది?

ఇక్కడ పెద్దవాళ్ళతో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా విన్నాక ఇంటికి పోయి "నీ తల్లి కడుపులో ఉన్నప్పుడు ఏం తిన్నదో, మా కొడుకు నెత్తిన పడ్డవు" అని కోడలిని అనకండి. "నావల్లే నా బిడ్డకు వచ్చింది" అని ఏ తల్లీ ఏడవకండి. ఇరవై ఐదేళ్ళ కింద ఆ తల్లికి ఎవరు పాలు పోశారు? ఎవరు గుడ్డు పెట్టారు? అందరూ తిన్నాక అడుగూబొడుగూ ఆమెకు మిగిలింది. బొగ్గు పొయ్యి పొగలో కూర్చొని షిఫ్టుకు పోయేవాళ్ళకు టిఫిన్ కట్టింది. తన హార్మోన్లను తాను ఎంచుకోలేదు, తన జన్యువులను తాను ఎంచుకోలేదు. జన్యువులు తండ్రి వైపు నుంచి కూడా వస్తాయి. నాయన వైపు మేనత్తకు, నానమ్మకు షుగరు ఉన్నా, గడ్డం మీద వెంట్రుకలు ఉన్నా అదీ లెక్కలోకి వస్తుంది.

నింద వల్ల ఇంకో నష్టం ఉంది. నిందకు భయపడి అమ్మాయిలు జబ్బు దాచిపెడతారు. పెళ్ళి సంబంధం చెడిపోతుందని తల్లిదండ్రులు చూపించరు. నాలుగు నెలలు బహిష్టు కాకపోయినా చెప్పుకోరు. చివరికి పిల్లలు కావడం లేదని ఏడ్చుకుంటూ వచ్చేసరికి షుగరు కూడా వచ్చి కూర్చుంటుంది. కడుపులో పడిన పునాది గురించి తెలుసుకోవడం ముందుకు చూడడానికి, వెనక్కి తిరిగి రాళ్ళు వేయడానికి కాదు.

గర్భిణి ఉన్న ఇంట్లో ఏం చేయాలి?

1. గర్భం రాకముందే మొదలుపెట్టాలి. పి.సి.ఒ.ఎస్. ఉన్న అమ్మాయి బరువు ఎక్కువగా ఉంటే, ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా నెలసరి, షుగరు మెరుగవుతాయి. 80 కిలోలు ఉంటే 4 నుంచి 8 కిలోలు. గర్భం కోసం చూస్తున్నప్పటి నుంచే డాక్టరు సలహాతో ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి.

2. షుగరు పరీక్ష మానవద్దు. గర్భం తెలిసిన మొదటి రాకలోనే ఒకసారి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి రెండు గంటల తరువాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భిణి షుగరు ఉన్నట్టు. పి.సి.ఒ.ఎస్. ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది. "వాంతి వస్తది, నేను తాగ" అని కోడలు అంటే మీరు పక్కన కూర్చొని తాగించండి.

3. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అని తిండి తగ్గించకండి. "ఇద్దరి తిండి తినాలి" అని నెయ్యి అన్నం, స్వీట్లు కుక్కి కుక్కి పెట్టకండి. రెండూ తప్పే. కావలసింది మంచి తిండి. కందిపప్పు, పెసర్లు, బబ్బెర్లు, పల్లీలు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు, తోటకూర, పాలకూర, మునగాకు, జొన్నరొట్టె. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి. చాయ్‌లో చక్కెర తగ్గించండి. కూల్‌డ్రింకులు, బేకరీ సామాను, నూనెలో వేయించిన బజ్జీలు రోజువారీ తిండి కాకూడదు. మామూలు బరువున్న గర్భిణి తొమ్మిది నెలల్లో సుమారు 10, 12 కిలోలు పెరిగితే సరిపోతుంది. ముందే లావుగా ఉన్నవారికి అంతకంటే తక్కువ చాలు. బక్కగా ఉన్నవారు ఇంకా పెరగాలి. ఎవరికెంత అనేది ఇక్కడ కార్డు మీద రాసి ఇస్తాం.

4. అంగన్‌వాడీ భోజనాన్ని చిన్నచూపు చూడకండి. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి, బాలింతకు పప్పు, కూరతో అన్నం, గుడ్డు, పాలు అక్కడే కూర్చోబెట్టి పెట్టాలని ఏర్పాటు చేశారు. "మాకు జీతం వస్తది, మేము అక్కడికి పోవుడేంది" అని కొందరు నామోషీ పడతారు. హైదరాబాదు పల్లెల సంగతి విన్నారు కదా, నామోషీ పక్కన పెట్టండి.

5. రక్తహీనతను తేలిగ్గా తీసుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవారే. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర రోజుకొకటి, కనీసం 180 రోజులు. మలం నల్లగా వస్తుంది, భయపడవద్దు. మాత్ర వేసుకున్న గంట వరకు చాయ్ తాగవద్దు. నిమ్మరసం తాగితే మంచిది.

6. పొగ వద్దు. బొగ్గుల పొయ్యి, కట్టెల పొయ్యి పొగ బిడ్డ బరువు తగ్గిస్తుంది. ఇంట్లో మగవాళ్ళు బీడీ, సిగరెట్టు తాగినా ఆ పొగ కడుపులోని బిడ్డకు చేరుతుంది. తంబాకు నమలడం, గుట్కా అసలే వద్దు.

7. రోజూ అరగంట నడవాలి. డాక్టరు వద్దన్న వారికి తప్ప ఇది అందరికీ మంచిదే. పొద్దున చల్లపూట నడవండి, మన ఎండల్లో కాదు.

మగపిల్లవాడి మందు అనే విషం

ఈ మాట సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎందుకంటే ఇది మన విషయానికి నేరుగా తగులుతుంది. ఒకరిద్దరు ఆడపిల్లలు పుట్టాక, మూడో నెలలో "మగపిల్లవాడి కోసం" అని పసరు, పొడి, గుళిక తెచ్చి మింగించేవాళ్ళు ఉన్నారు. ఉత్తర భారతదేశంలో ఇలాంటి మందులను పరీక్షశాలలో చూస్తే కొన్నింటిలో మగ హార్మోను దొరికింది. ఇలాంటివి మింగిన తల్లులకు అవకరాలతో బిడ్డలు పుట్టడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం ఎక్కువని అక్కడి పరిశోధకులు చెప్పారు. గొర్రెలకు మగ హార్మోను ఇస్తే ఏమైందో ఇప్పుడే విన్నారు. బిడ్డ ఆడో మగో తండ్రి వీర్యకణం కలిసిన క్షణంలోనే నిర్ణయమైపోతుంది. మూడో నెలలో ఏ మందూ దాన్ని మార్చలేదు. ఆ మందు కడుపులోని ఆడబిడ్డను మగబిడ్డను చేయదు, రోగిష్టిని చేస్తుంది. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పమని అడగడం కూడా 1994 నాటి చట్టం ప్రకారం నేరం. మా దగ్గర అడగకండి, ఎక్కడా అడగకండి.

బిడ్డ పుట్టాక, పెద్దమనిషి అయ్యాక

బిడ్డ పుట్టిన గంటలోపే తల్లి పాలు పట్టించండి. ఆరు నెలలు తల్లి పాలే. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తొందరగా బొద్దుగా చేయాలని డబ్బా పాలు, చక్కెర నీళ్ళు పోయకండి. నెలనెలా తూకం వేయించి, కార్డులో గీత ప్రకారం పెరిగితే చాలు.

ఆడపిల్ల బడికి పోయే వయసులో ఈ గుర్తులు గమనించండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా అవుతోందా? మురికి అనుకొని సబ్బు పెట్టి రుద్దకండి, అది ఇన్సులిన్ చెప్పే మాట. ఎనిమిదేళ్ళ లోపే చంకల్లో వెంట్రుకలు వచ్చాయా? తొందరగా లావెక్కుతోందా?

పెద్దమనిషి అయిన మొదటి ఏడాది నెలసరి వెనకాముందూ కావడం మామూలే. మూడేళ్ళు దాటాక కూడా 21 రోజుల కంటే ముందే వస్తున్నా, 35 రోజులు దాటి వస్తున్నా చూపించాలి. మొదటి ఏడాది గడిచాక ఎప్పుడైనా 90 రోజులు దాటినా, 15 ఏళ్ళు నిండినా పెద్దమనిషి కాకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకురండి. చిన్న అమ్మాయిలకు స్కానింగులో బుడగలు కనబడినంత మాత్రాన జబ్బు అని ముద్ర వేయకూడదు. పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్ళ లోపు అలా కనబడడం మామూలుగానే జరుగుతుంది. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ వయసులో స్కానింగు మీద ఆధారపడవద్దనే చెబుతున్నాయి.

వ్యాయామం గురించి ఒక్క మాట. అనంతపురంలోనే ఈ జబ్బున్న అమ్మాయిల చేత 12 వారాలపాటు రోజూ గంటసేపు కొందరితో యోగాసనాలు, కొందరితో మామూలు వ్యాయామం చేయించి చూశారు. ఆసనాలు వేసినవారికి మగ హార్మోను తగ్గి, నెలసరి మరింత మెరుగైంది. మీ అమ్మాయి ఆటలాడినా సరే, సైకిలు తొక్కినా సరే, చెమట పట్టేలా రోజూ గంటసేపు కదలనివ్వండి. "పెద్దమనిషి అయింది, ఇక ఆటలేంది" అని ఇంట్లో కూర్చోబెట్టడం మనం చేజేతులా చేసే చెడుపు.

సభలో అడిగిన ప్రశ్నలు

"నాకు పి.సి.ఒ.ఎస్. ఉంది. కడుపుతో ఉన్నాక మెట్‌ఫార్మిన్ మాత్ర మానాలా?"
మీ అంతట మీరు మానవద్దు, మీ అంతట మీరు కొనసాగించవద్దు. షుగరును బట్టి, నెలను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. పక్కింటావిడ చీటీ చూసి మాత్రలు కొనవద్దు.

"కొడుకు పుడితే ఇక భయం లేదా?"
అండాశయం లేదు కాబట్టి పి.సి.ఒ.ఎస్. రాదు. కానీ అదే కడుపు, అదే వంశం. అలాంటి కుటుంబాల్లో మగపిల్లలకు కూడా బరువు, షుగరు తొందరగా రావచ్చు. తిండి జాగ్రత్తలు కొడుక్కీ, కూతురికీ ఒక్కటే.

"పెళ్ళి చేస్తే అదే తగ్గిపోతుందంటారు, నిజమేనా?"
పెళ్ళి మందు కాదు. పద్దెనిమిదేళ్ళు నిండకముందు పెళ్ళి నేరం కూడా. ముందు అమ్మాయి ఆరోగ్యం, చదువు చూడండి. పిల్లలు కావలసిన వయసు వచ్చినప్పుడు అండం విడుదల కావడానికి మంచి మందులు ఉన్నాయి. పి.సి.ఒ.ఎస్. ఉన్నవారిలో చాలామంది తల్లులు అవుతున్నారు. అలాంటి తల్లులు ఈ హాలులోనే ఉన్నారు.

"మా అమ్మాయికి ఇప్పటికే ఉంది. కడుపులో పడిన పునాది అన్నారు, ఇక చేసేదేమీ లేదా?"
పునాది కొంచెం వంకరగా పడినా ఇల్లు నిలబెట్టే మేస్త్రీలు ఉన్నారు కదమ్మా. తిండి, నడక, నిద్ర, డాక్టరు ఇచ్చిన మందు, ఇంట్లోవాళ్ళ ఆదరణ ఉంటే ఈ జబ్బు చెప్పిన మాట వింటుంది. ఒక్క నెల వాడి తగ్గలేదని మానేయవద్దు. కనీసం ఆరు నెలలు ఓపిక పట్టండి.

చివరిగా, ఇంటికి పోయాక మీరు చేయవలసిన పని ఒకటే చెబుతాను. ఈ రాత్రి భోజనంలో గర్భిణికి ముందుగా వడ్డించండి. పప్పు గిన్నె అడుగున మిగిలింది కాదు, పైన ఉన్నది పెట్టండి. గుడ్డు ఒక్కటే ఉంటే అది ఆమెకే పెట్టండి. ఎల్లుండి నుంచి ఆ పని ఇంట్లో మగవాళ్ళ బాధ్యత చేయండి. ఆమె కడుపులో ఉన్న బిడ్డ కోసం, ఆ బిడ్డ కడుపున పుట్టబోయే బిడ్డ కోసం మీరు ఇప్పుడే ఒక ముద్ద కలిపి పెడుతున్నారు.

ఆడబిడ్డను భారంగా కాక బహుమానంగా ఎంచే మనసును దేవుడు మనందరికీ దయచేయును గాక. కడుపులో ఉన్న ప్రతి బిడ్డనూ, మోస్తున్న ప్రతి తల్లినీ ఆయన కాపాడును గాక. ఓపీ కార్డులు తెచ్చుకున్నవారు వరుసగా రండి, షుగరు పరీక్ష చేయించుకోని వారు ముందు రండి.